బాబాయి మీసం మీద పరీక్ష

మా బాబాయి ముప్పై ఏళ్లుగా జైలుకి వెళ్లివస్తున్నాడు. కొత్తవాళ్లకి ఈ మాట చెప్పి, వాళ్ల మొహాలు మారడం చూసి ముసిముసిగా నవ్వుకోవడం ఆయనకి సరదా. అసలు సంగతేమిటంటే, సెంట్రల్ జైల్లో ఖైదీలకి కటింగ్, గడ్డం గీయడం నేర్పే మాస్టారు ఆయన. కోర్టు శిక్ష వేసింది కాళ్లకే, చేతులకి కాదు అంటాడు. విని విని నాకు కంఠతా వచ్చేసింది.

ఆయన ప్రాణం రెండు చోట్ల ఉండేది. ఒకటి, మెలితిప్పిన మీసం. దాన్ని పిన్ని కూడా ముట్టుకోకూడదు. రెండోది, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఖైదీ, ఒకప్పటి డ్రైవరు శిష్యుడు. మనిషిని గుద్ది, బండి ఆపకుండా వెళ్లిపోయిన నేరానికి లోపలికొచ్చాడు. మంగలిపని పరీక్ష పాసైతే అతన్ని గోడలు లేని ఓపెన్ జైలుకి పంపుతారు. అక్కడ బయటి జనానికి కటింగ్ చేసే సెలూన్ ఉంది. ఆదివారాలు చూడ్డానికొచ్చే కూతుర్ని ఇనప జాలీ వెనకనుంచి కాకుండా పక్కన కూర్చోబెట్టుకుని చూసుకోవచ్చు. తప్పితే ఇంకో ఏడాది జాలీయే.

పరీక్షలో గీయించుకోవడం కోసం గడ్డం పెంచిన జైలు ఆఫీసు గుమాస్తా, కత్తి ఖైదీ చేతిలో ఉంటుందని గుర్తొచ్చి ఆరోజు సెలవు పెట్టేశాడు. ఆ మహానుభావుడి గురించి నేను మాట్లాడకపోవడమే మంచిది. పరీక్షాధికారి గడియారం చూసుకుంటుంటే బాబాయికి ఒళ్లు మండి, తనే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఎప్పుడూ సొంతంగా గీసుకునే మనిషి కదా, తనకి అన్ని చక్కిలిగింతలున్నాయని ఆయనకే తెలియదు. శిష్యుడు చూస్తే, ఏడాదిపాటు నురగ పూసిన బెలూన్ల మీద నేర్చుకున్నవాడు. బెలూన్లు నవ్వవు. బాబాయి మొదట ముక్కుతో నవ్వాడు, తర్వాత పొట్టతో నవ్వాడు, ఆఖరికి కుర్చీతో సహా ఊగిపోయాడు. వార్డర్లు గోడ పట్టుకుని నవ్వారు. కత్తి జారి, ఎడమవైపు మీసం ఒళ్లో పడింది.

శిష్యుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. కత్తి కింద పెట్టి, కాసేపు తలుపు వైపు చూశాడు. మళ్లీ కత్తి తీసుకున్నాడు.

"తప్పు నాదే మాస్టారూ. కదలకుండా కూర్చోండి, సరిచేస్తాను."

రెండోవైపు కూడా తీసేసి, ఒక్క గాటు పడకుండా నున్నగా ముగించాడు. అధికారి పాసని రాస్తూ, అంత నిబ్బరం ఎక్కడిదయ్యా అని అడిగాడు.

"అప్పుడు ఆగలేదు సార్," అన్నాడు శిష్యుడు. "ఈసారి ఆగాను."

బాబాయి ఏడ్చేశాడు. సాయంత్రం ఇంటికొస్తే పిన్ని తలుపు తీసి, ఎవరు కావాలండీ అంది. గుర్తుపట్టాక నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని గడపలోనే కూలబడింది.

మీసం మళ్లీ పెంచమని అందరం పోరుతున్నాం. ఆయన వింటేగా! ప్రతి ఆదివారం ఓపెన్ జైలు సెలూన్‌కి వెళ్లి శిష్యుడి ముందు కూర్చుంటాడు. కదలకుండా ఆయన చేతులు రెండూ గట్టిగా పట్టుకునే డ్యూటీ మాత్రం శిష్యుడి కూతురిది.