పంపు చప్పుడు విన్న పప్పుగుత్తి

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా చేతిలో ఉన్న ఈ పప్పుగుత్తి మీద ఒట్టు. ఫ్రీమాంట్‌లో మా వంటింట్లో దీన్ని ఎన్నిసార్లు కడిగినా, వేడి పప్పు తగలగానే ఇంగువ వాసన వెనకాలే సన్నగా మెషీన్ ఆయిల్ వాసన లేస్తుంది. దాంతోపాటే అరిజోనా ఎడారిలో గడిచిన నా చిన్నతనమూ లేస్తుంది.

ఎనభైల మొదట్లో నాన్న అక్కడి పంపింగ్ స్టేషన్‌లో కొత్తగా చేరిన ఇంజనీరు. ఎక్కడి నది నీళ్లనో కొండెక్కించి మా సిటీ కుళాయిలకు పంపే నాలుగు పంపులు, ఒక్కొక్కటీ మేడంత. అవి నడుస్తుంటే కాళ్లకింద నేల నిద్రపోయే పిల్లి పొట్టలా గుర్రుమనేది. జూన్ వచ్చిందంటే అమ్మ కారు బానెట్ మీద పాత చీర పరిచి వడియాలు పెట్టేది. అవి మధ్యాహ్నానికి ఎండి, సాయంత్రానికి వాటంతటవే వేగిపోయేవి, హోస్ పైపు నీళ్లలో తడిసొచ్చిన పిల్లలందరం వాటిని కరకరా నమిలేవాళ్లం.

ఆ ఎండలకి బేరింగుల చప్పుడు వినడానికి ఇనప కడ్డీ చెవికి ఆనిస్తే వాత తేలేది. అందుకని నాన్న ఇంట్లో చెక్క పప్పుగుత్తి పట్టుకుపోయాడు: కాడ కొస పంపుకి, గుండ్రటి తల చెవికి.

"ఏవండీ, నా పప్పుగుత్తేదీ?"

"స్టేషన్‌లో ఉందే."

"పంపులో పప్పు వండుతున్నారా ఏంటి? వారం నుంచీ గరిటెతో మెదపలేక చస్తున్నా!"

ఆ వేసవిలో ఒక పంపు అప్పటికే రిపేరులో ఉంది. నడుస్తున్న మూడింట్లో ఒకదాంట్లో నాన్నకి ఇసుక నమిలినట్టు చప్పుడు వినిపించింది. మీటర్లు మాత్రం అంతా బాగుందన్నాయి. ఆపితే సిటీలో కుళాయిలు ఎండిపోవచ్చు. ఆపకపోతే లోపల తిరిగే షాఫ్ట్ విరిగి నెలల తరబడి ఆ పంపే ఉండదు. ఆపి చూశాక లోపల ఏమీ లేకపోతే నాన్న ఉద్యోగం ఉండదు. ఆయన రెండు రోజులు అన్నం కెలికి లేచిపోయాడు.

ఆ శనివారం క్యారియర్ ఇవ్వడానికి అమ్మతో నేనూ వెళ్లాను. నాన్న పై అధికారి హ్యాంక్ అంకుల్ టోపీ తీసి, పప్పుగుత్తి అందుకుని, వంగి చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. లేచి, "షట్ ఇట్ డౌన్" అన్నాడు.

విప్పి చూస్తే బేరింగు నిండా గాట్లు. ఊరంతా రెండ్రోజులు పచ్చికకు నీళ్లు మానేసింది. కుళాయి ధార సన్నబడింది గానీ తెగలేదు. బేరింగు మార్చాక, మూడోనాడు ఆ పంపు కింద నేల మళ్లీ గుర్రుమంది.

"ఇకనన్నా నా గుత్తి ఇస్తారా?" అంది అమ్మ.

ఇప్పుడక్కడ సెన్సర్లు వింటాయట, స్క్రీన్లు చెబుతాయట. మనిషి చెవితో పని లేదు. కానీ మొన్న మా అమ్మాయి ఈ గుత్తిని డిష్‌వాషర్‌కి ఆనించి, "డాడీ, లోపల ఏదో రాంగ్‌గా సౌండ్ వస్తుంది" అంది. తీరా చూస్తే చెంచా ఇరుక్కుని ఉంది.

ఒట్టు వేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. హ్యాంక్ అంకుల్ గుత్తిని ముట్టుకోనే లేదు. చేరి మూడు నెలలైనా నిండని నాన్న మొహంలోకి చూసి, "ఆర్ యూ షూర్?" అన్నాడు. నాన్న "షూర్" అన్నాడు. అంతే, పంపు ఆపించేశాడు. అలా చెబితే ఎవరూ నమ్మడం లేదని కథలో గుత్తి ఆయన చేతికిచ్చాను.

వడియాల సంగతిలో మాత్రం ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను.