ఆరు దాటాక పెట్టిన నిప్పు

మా ఊళ్ళో పన్‌సుల్‌ని తిట్టని నోరు లేదు, నా నోటితో సహా. ఫిబ్రవరి నుంచి మే దాకా కొండకు నిప్పంటకుండా కాసే ఉద్యోగం అతనిది. ఎర్ర చొక్కా తొడుక్కుని, బండికి మైకు కట్టుకుని, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా గట్ల వెంట తిరుగుతాడు. అరవై రెండేళ్ళ వయసులో, పరీక్షలో నీళ్ళ పంపు వీపున మోసుకుని కొండెక్కి చూపించి సంపాదించుకున్న పని. అందుకే అంత నిష్ఠ.

మేమేం తక్కువ తినలేదు. ఆరు దాటి అతని బండి వంతెన మలుపు తిరిగిందంటే చాలు, ఏ చేలో చూసినా పొగే. ఏడాదంతా తినే కిమ్చీ పచ్చడి జాడీలు నిండాలంటే మిరప పండాలి. పాత మిరపకట్టె కాల్చకపోతే తెగులు కొత్త మొక్కకు పాకుతుందని మా భయం. ఆ వేళకే కొండగాలి దిగుతుందని తెలియక కాదు.

"ఒక్క గంట పర్మిషన్ ఇస్తే నీ సొమ్మేం పోయింది?" అని ఒకరోజు దులిపేశాను.

"ఈ నాలుగు నెలలూ ఎవరికీ లేదక్కా. కట్టె నుజ్జు చేసే మిషనొస్తోంది, పేరు రాయించుకో."

చూస్తే జాబితాలో మొదటి పేరు వాళ్ళమ్మది, దల్లే అని. ఎనభై ఏడేళ్ళ మనిషి, పైగా చేను సరిగ్గా కొండ మొదట్లో ఉంది. అయినా నేను ఊరుకున్నానా?

"ఓహో, అమ్మగారి చేను ముందా! కాపలా నీదే, మిషనూ నీదేనన్నమాట."

అతని మొహం ఎర్రబడింది. వాళ్ళమ్మ పేరు కొట్టేసి అట్టడుగున రాశాడు. పైన నా పేరు రాశాడు. నాకు సంతోషమైంది కూడా.

మిషన్ మా చేలోకి వచ్చి వెళ్ళింది. నాలుగు చేలు తిరిగాక చెడిపోయింది. ఏప్రిల్ చివరికొచ్చినా దల్లే పిన్ని చేలో కట్టె అలాగే ఉంది. నారు ఇంట్లో వాడిపోతోంది.

"మీవాడికి చెప్పు పిన్నీ, మిషన్ బాగవగానే నీ పేరు ముందుకు జరుపుతాడు" అన్నాను.

"వద్దే తల్లీ. నా మూలంగా వాడు ఒక మాట పడ్డాడు, చాలు. వాడి డ్యూటీ అయిపోయాక నేనే చూసుకుంటాలే."

ఆ మాటకు అర్థం నాకు బాగా తెలుసు. నేనూ ఏటా చేసిన పనే గనక నవ్వేసి వచ్చాను.

మర్నాడు ఆరుంపావుకు నిప్పు పెట్టింది. గాలి తిరిగింది. పొగ తీరు చూసి మేం పరిగెత్తాం. పన్‌సుల్ సగం దారి నుంచి బండి తిప్పుకొచ్చాడు. వెళ్ళేసరికి మంట ఆరిపోయి ఉంది, కొండకు నాలుగడుగుల ఇవతల. పిన్ని అక్కడే పడి ఉంది. దూది కోటు విప్పి, దాంతోనే కొట్టి కొట్టి ఆర్పింది. నడుముకున్న సంచిలో ఫోను ఉంది. ఒక్క మీట నొక్కితే కొడుక్కి మోగేది. నొక్కలేదు. ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది.

రిపోర్టు పన్‌సులే రాశాడు. నిప్పు పెట్టినవారి పేరు దగ్గర అమ్మ పేరు తన చేత్తో రాశాడు.

పది రోజులకు మిషన్ బాగై వచ్చి, మిగిలిన చేలన్నీ తిరిగింది. "ఇంకొక్క పేరే ఉంది. ఈ దల్లే గారి చేను ఎటు?" అని మిషన్ నడిపే కుర్రాడు అడిగాడు.

ఎర్ర చొక్కాలో నిలబడి ఉన్న పన్‌సుల్ నా వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వు చెప్పు. నా వల్ల కావటం లేదు."

ఇంకా అక్కా అనే పిలుస్తున్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.