నల్లబల్ల ఏ గోడకు

నేను పాఠం చెప్పే గోపాలపట్నం వయోజన విద్యా కేంద్రానికి రావడం ముందుగా మానేసింది పైడమ్మ, నా పెద్ద తోటికోడలు. "కళ్లు ఆనడం నేదు పిల్లా" అంది. ఆమె వెనకే మరికొందరు మానేశారు. మనుషులు రాకపోతే కేంద్రం ఎత్తేయాల్సిందేనని సూపర్‌వైజరు గారు చెప్పి, ఒకసారి హార్బరు బస్తీ క్లాసు చూసి రమ్మన్నారు. అక్కడ చాప ఖాళీగా ఉండదట. నేను నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఇంకో పంతులమ్మ పాఠం చెబుతుంటే కూర్చుని చూడడం అదే మొదలు.

తొమ్మిదింటికి సిటీ బస్సెక్కాను. ఎన్.ఎ.డి. జంక్షన్‌లో ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పనికి పోయేవాళ్లు దిగాక సీటు దొరికింది. పక్కావిడ ఒళ్లో ఖాళీ గంప. నా చేతిలోని పలకకేసి చూసింది.

"ఎవులికి పిన్నీ పలక?"

"మనవడికి" అనేశాను. నాకింకా మనవలు లేరు.

పాత పోస్టాఫీసు దగ్గర దిగి నడిచాను. దారిలో నీడ లేదు. వెళ్లేవాళ్లు ఎండెక్కకముందే చేరుకుంటే నయం. అక్కడి పంతులమ్మ రాజేశ్వరి గారిది కాకినాడ. భర్తకు పోర్టులో ఉద్యోగం. "ముందు భోంచేద్దురుగాని రండి" అని నెత్తళ్ల చేపల పులుసుతో అన్నం పెట్టారు.

రెండింటికి, చేపలమ్మి వచ్చిన ఆడవాళ్లతో గది నిండిపోయింది. నల్లబల్ల గుమ్మానికి ఎదురు గోడకుంది. అందరి వీపులూ వీధివైపు. ఎవడో పోతూ పోతూ కేకేశాడు: "ఏటి, కలెక్టర్లయిపోతన్నారేటి?"

ఒక్కరూ వెనక్కి తిరగలేదు. వీధికి ఎదురుగా ఉన్న రాజేశ్వరి గారే, "అయ్యాక ముందు నీకే చెబుతాంలే, పద!" అన్నారు. వీపులన్నీ నవ్వుతూ కదిలాయి.

మా గదిలో వెలుగుంటుందని బల్ల గుమ్మం పక్కన పెట్టాను నేను. ఇక్కడ వెనకగోడకెందుకు పెట్టారని అడిగితే, నా పక్కన కూర్చున్న నూకాలమ్మ చెప్పింది. "మొకాలు కనబడితే మా అల్లుడు ఈదంతా సెప్పి నవ్వుతాడమ్మా. ఈపు సూసి ఎవులో ఏటి తెలుత్తాది?"

పైడమ్మ పలక మీద కొంగు కప్పుకునేది. కళ్లజోడు కొనుక్కోమన్నాను నేను. ఒళ్లో నా పలక చూసుకుంటే, పొద్దున బస్సులో చెప్పిన మనవడు గుర్తొచ్చాడు.

పాఠం అయ్యాక రాజేశ్వరి గారు, "మాలో లోటేమైనా కనబడితే మొహమాటపడకండి" అన్నారు.

"మీరు రాస్తుంటే అక్షరం మీ వీపు చాటున పడుతోందండి. చెయ్యి ఎటు తిరుగుతోందో చూస్తూనే నేర్చుకున్నాను నేను."

ఆవిడ పక్కకి జరిగి, చెయ్యి చాపి 'జ' మళ్లీ నెమ్మదిగా రాశారు.

"ఓలమ్మో, ఇటు తిరగాలేటి! నాను అటేపు తిప్పుతన్నాను" అంది నూకాలమ్మ.

అయిదు గంటల బస్సులో పలక ఒళ్లో పైకే పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. పాఠం చెప్పే మనం మన గదిలో ఎప్పుడూ బల్ల దగ్గరే నిలబడతాం. చాప మీద కూర్చున్నవాళ్లకి ఏం కనబడుతోందో, ఇంకొకరి చాప మీద కూర్చుంటే తప్ప తెలియదు.

గోపాలపట్నంలో దిగేసరికి పైడమ్మ కుళాయి దగ్గరుంది.

"అప్పా, రేపట్నించి బల్ల ఎనక గోడకి. మీరంతా గుమ్మానికి ఈపెట్టి కూకోండి."

కళ్ల మాట ఎత్తలేదు ఆమె. బిందె నిండి పొర్లుతున్నా చూడకుండా అడిగింది.

"మరి ఈదికి ఎదురుగా ఎవులుంతారు?"

"నానే" అన్నాను.