మైలలో గడప దాటిన మా అత్త

మా చిన్నప్పుడు... ఊడ్పుల రోజులొచ్చాయంటే మా అమ్మ ముఖం మాడిపోయేది.

రాజాం దగ్గర పల్లె మాది. ఇంటికో ఆడమనిషి చొప్పున ముందు కామందు పొలం ఊడ్చాలి. కూలి లేదు, వెట్టి. ఆ తరవాతే సొంత మడి. ఈలోగా మా నారు ముదిరిపోయేది... ముదర నారు వేస్తే పంట ఏం పండుతుంది?

దీనికి అడ్డం తిరిగినవాడు మా మావ, అమ్మకి అన్నయ్య. చుట్టుపక్కల ఐదూళ్ల కూలీల సంఘానికి పెద్ద. ఈ ఏడు ఎవరూ వెట్టికి దిగమని ప్రమాణం చేయించడానికి పక్కూరి చింతతోపులో సభ పెట్టాడు.

సభకి ఆరు రోజుల ముందు, పట్టపగలు, సంత నుంచి వస్తున్న మావని చేను గట్టు మీద నరికేశారు. ఎవరు చేయించారో ఊరంతటికీ తెలుసు. సాక్ష్యం చెప్పే నోరే లేదు.

ఊరు చల్లబడిపోయింది... "తలకాయే పోనాక మొండెం ఏటి సేస్తాది? సభ మానీద్దాం" అన్నాడు మా నాన్న. నలుగురు పిల్లల తండ్రి, భయపడ్డాడని తప్పు పట్టలేను.

మావ భార్య, మా అత్త, మూల కూర్చుంది. పెద్దకర్మ అయ్యేదాకా భర్త పోయిన ఆడది గడప దాటకూడదు, ఎవరికీ ఎదురు రాకూడదు. మా దగ్గర అదే ఆచారం.

సభ రోజు పొద్దున్నే అత్త లేచి కొంగు బిగించింది.

"ఎక్కడికే?" అంది అమ్మమ్మ, అంటే ఆవిడ అత్తగారు.

"సభకి, అత్తా. ఇన్ని దినాలు మూల కూకున్నాను. ఇంకా కూకుంటే ఆల్లు గెలిసీసినట్టే."

ఒక్కగానొక్క కొడుకుని పోగొట్టుకున్న మనిషి అమ్మమ్మ. తిట్టిపోస్తుందనుకున్నాను. గుమ్మానికి అడ్డంగా ఉన్న కుక్కిమంచం పక్కకి లాగింది. "నడు. నీ ఎనక నానొస్తాను" అంది.

వాళ్లిద్దర్నీ చూసి అమ్మ దిగింది. నేను అమ్మ చెంగు పట్టుకున్నాను. వీధి చివరికి వచ్చేసరికి పాతికమంది ఆడవాళ్లయ్యారు... వాళ్ల వెనక తలలొంచుకుని మగాళ్లు. నాన్న కూడా వచ్చాడు.

పొలిమేరలో కామందు మనుషులు కర్రలతో దారి కాశారు. అత్త నడక తగ్గించలేదు, నేరుగా వాళ్ల మీదికే నడిచింది.

తరవాత జరిగింది చెబితే మా మనవలు నమ్మరు. మనిషిని నరకడానికి వెనకాడని ఆ మనుషులు, మైలలో ఉన్న ఆడది ఎదురొస్తుంటే బెదిరిపోయారు. "ఒరే, తప్పుకోండ్రా... సూస్తే మన కొంపలు కూలిపోతాయి" అంటూ ఒకడు ముఖం తిప్పుకుని మడి బురదలోకి దిగిపోయాడు. మిగతావాళ్లూ దిగారు.

"ఎందుకురా మొకాలు తిప్పుకుంతారు? నన్నిలాగ సేసినోల్లు మీరే గదా" అంది అత్త, ఆగకుండానే.

చింతతోపులో మావ మాట్లాడాల్సిన చోట అత్త నిలబడింది. "ఆయన సెప్పిందే నానూ సెప్తన్నాను. కామందు మడిలో కాలెట్టకండి." అంతే మాట్లాడింది. ఐదూళ్లలో ఎవరూ పెట్టలేదు. ఆ ఏడు మా మడిలో లేత నారు పడింది. వెట్టి మళ్లీ మా ఊరి ముఖం చూడలేదు.

మావని చంపితే సంఘం చస్తుందనుకున్నారు... ఇళ్లలో ఉన్న ఆడవాళ్లని కూడా రోడ్డు మీదికి తెచ్చుకున్నారు. చరిత్ర పుస్తకాల్లో నాయకుల హత్యల గురించి చదివినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

అయితే ఆవిడ వెనక నడిచిన ఊరే, తరవాత పెళ్లిళ్లలో ఆవిడని ఎదురు రావద్దంది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. అందుకే టీచరుగా తొలిరోజు బడికి బయలుదేరినప్పుడు పట్టుబట్టి అత్తనే ఎదురు రమ్మన్నాను. ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పాను, ఏ అపశకునమూ తగల్లేదు.

ఇప్పుడు నాట్లు యంత్రాలు వేస్తున్నాయి. వెట్టి అంటే ఏంటని మా మనవరాలు అడుగుతోంది... మావ పేరు ఊళ్లో పిల్లలకి తెలీదు.

మీ ఊళ్లోనూ ఎవరినో చంపి, ఇక అయిపోయిందనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. చంపినవాళ్ల సంగతి వద్దు... ఆ తరవాత లేచి నడిచినవాళ్ల పేర్లు కింద రాయండి.