గడప ముందు బూట్లు

సాహిత్య పండుగ అనగానే నాకు ఇప్పటికీ ముందుగా గుర్తొచ్చేది కవిత్వం కాదు, కాళ్ళ నొప్పులు. డెబ్బయిల మొదట్లో, గోదావరిఖనిలో మా కాలనీ బడి ఆవరణలో ఒక ఆదివారం జరిగింది ఆ పండుగ. పిల్లలకు పద్యాల పోటీ, ఆడవాళ్ళకు పాటలు, ముసలివాళ్ళకు ముచ్చట్లు, చివరికి కవుల సభ. అన్ని వయసులవాళ్ళకూ ఏదో ఒకటి ఉండాలని గ్రంథాలయం నడిపే కుర్రాళ్ళ పట్టుదల. వాళ్ళ పట్టుదలకేం, బాగానే ఉంది. కుండల్లో నీళ్ళు నింపేదీ, చాపలు పరిచేదీ, పిల్లల ముక్కులు తుడిచేదీ నేను. ఆ బడిలో చిన్న తరగతుల పంతులమ్మని కదా, పని అనగానే అందరికీ అక్కనైపోతాను.

విసుక్కుంటూనే ఒప్పుకున్నాను. నేను రాసిన కవిత ఒకటి చదవనిస్తామన్నారు. అంతకంటే పెద్ద సంగతి, మా బావ వచ్చి వింటానన్నాడు.

బావ అంటే మా మేనత్త కొడుకు, నా భర్త. బొగ్గు బాయిలో, అంటే గనిలో పని, ఎక్కువగా రాత్రి డ్యూటీ. ఆయన పొద్దున ఇంటికొచ్చే వేళకు నేను బడికి బయల్దేరేదాన్ని. నేను తిరిగొచ్చేసరికి ఆయన మంచి నిద్రలో ఉండేవాడు. లేచి తిని కాసేపు కూర్చునేసరికి మళ్ళీ డ్యూటీ. గడప దగ్గర ఎదురుపడి పిల్లకు జ్వరం తగ్గిందా, కిరసనాయిలు అయిపోయిందా అని అడగడమే మా కాపురం. నా కవిత కూడా ఆ గడప గురించే. ఒకరు లోపలికీ ఒకరు బయటికీ పోతూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఆ కాసేపటి గురించి. అది ఆయన వినాలి. లోకమంతా వినకపోయినా నాకు ఫికర్ లేదు, ఆయన వినాలి.

మరి ఇంట్లో వినిపించవచ్చు కదా అంటారేమో. మా కాలనీలో అదెక్కడ కుదురుతుంది? రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి బూట్లు గడప ముందు విప్పి, మొనలు లోపలివైపుకు పెట్టేవాడు. అలా ఉన్నాయంటే లోపల మనిషి పడుకున్నాడని అర్థం. ఇక ఆ ఇంటిముందు ఎవరూ గొంతెత్తరు. కూరగాయలమ్మే అవ్వ కూడా కేక మింగేసి తలుపు మీద వేలితో తట్టేది. రోలు కింద గోనెసంచి మడిచిపెట్టి కారం దంచేవాళ్ళం. మా ఇంటి ముందు బూట్లు లేకపోతే పక్కింటి ముందు ఉండేవి, నడుమ ఉన్నది ఒక పలచటి గోడ. అత్తతో పోట్లాడాలన్నా గుసగుసలే. గుసగుసగా పోట్లాడితే కడుపులో మంట ఏం చల్లారుతుంది? అలాగే నేను రాసినవన్నీ పెదవుల మీదే చదువుకున్నాను.

పండుగకు మైకు పెడదామంటే కాలనీ పెద్దలు ఒప్పుకోలేదు. బాయిలో నీళ్ళు తోడే పంపుల దగ్గర పనిచేసేవాళ్ళకు ఆదివారం రాత్రి కూడా డ్యూటీయే, వాళ్ళు పొద్దంతా పడుకోవాలి. సరే, మైకు లేకుండానే పొద్దున పిల్లల పద్యాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరే వచ్చి, చేతులు కట్టుకుని, తప్పు పోకుండా చెప్పారు. మొదటి వరుస దాటి ఒక్క ముక్క వినబడలేదు. కరీంనగర్ నుంచి వచ్చిన అధ్యక్షులవారు నా వైపు తిరిగి, "ఏమమ్మా, ఈ పిల్లలకు గొంతు లేదా? తిండి పెట్టడం లేదా?" అన్నారు.

"తిండికేం తక్కువ లేదండీ. తండ్రులు పండుకున్నప్పుడు నేర్చుకున్న పద్యాలు, గట్లనే వస్తయి" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. అందరికీ మార్కులు తగ్గించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అప్పటికే నీళ్ళ కుండ ఖాళీ అయింది, నింపడానికి పోయాను.

వచ్చేసరికి బావ రెండో వరుసలో కుర్చీ మీద ఉన్నాడు. షిఫ్టు దిగి అటునుంచి అటే వచ్చాడు. ముఖం కడుక్కున్నా కళ్ళ అంచుల్లో నలుపు పోలేదు.

"నా వంతు పగటి తిండైనంకనట. ఇంటికిపోయి జరంతసేపు పండుకో బావా" అన్నాను.

"పండుకుంటే మల్ల లెవ్వ. నాకెరుక లేదా. గీడనే కూసుంట."

తిండి అయింది. ఆడవాళ్ళ పాటలయ్యాక నీదే అక్కా అన్నారు కుర్రాళ్ళు. పాటలయ్యాయి. ముసలివాళ్ళు తొందరపడుతున్నారు, వాళ్ళ ముచ్చట్లు కానిద్దాం అన్నారు. ఒక తాత మొదలుపెట్టిన ముచ్చట ఎక్కడెక్కడికో పోయింది, ఆపే ధైర్యం ఎవరికీ లేదు. తర్వాత అధ్యక్షులవారు కవిత్వం అంటే ఏమిటో చెప్పారు, చాలా చెప్పారు. నేను చాయ్ గ్లాసులు కడుగుతూ బావ వంకే చూస్తున్నాను. ఆయన లేచి వెళ్ళి ముఖం మీద నీళ్ళు చల్లుకున్నాడు. వక్క నమిలాడు. చివర నిలబడి కాసేపు చూశాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఇక చాలు, నాకు కవితా వద్దు ఏమీ వద్దు, ఆయన్ను తీసుకుపోయి పడుకోబెడితే చాలనిపించింది.

సరిగ్గా అప్పుడే నన్ను పిలిచారు.

తడిచేతులు కొంగుకు తుడుచుకుని వేదిక ఎక్కాను. కాగితం విప్పి తలెత్తి చూస్తే బావ నిద్రపోయాడు. తల పక్కకు వాలింది, నోరు కొంచెం తెరుచుకుంది. కుర్చీ ముందు బూట్లు. ఎప్పుడు విప్పాడో, మొనలు తన వైపుకు పెట్టి.

నోరు తెరిచాను, గుసగుసే వచ్చింది. గట్టిగా చదువుదామనే నా ప్రయత్నం, కానీ గొంతు మాట వినలేదు. అధ్యక్షులవారు ముందుకు వంగి, "గట్టిగా చదవండమ్మా, వెనక దాకా వినబడాలి" అన్నారు.

"మా ఇంటాయన పండిండు సారు" అన్నాను.

బయటి ఊళ్ళనుంచి వచ్చిన ఒకరిద్దరు నవ్వారు. మా కాలనీవాళ్ళు నవ్వలేదు. వెనక ఉన్న ఆడవాళ్ళు లేచి, చప్పుడు కాకుండా చాపలు తెచ్చి వేదిక ముందు పరుచుకున్నారు. మగవాళ్ళు కుర్చీలు ఈడ్వకుండా చేతుల్లో ఎత్తుకొచ్చి దగ్గర వేసుకున్నారు. అందరూ ముందుకు వంగి కూర్చున్నారు. ఆ గుసగుసతోనే మొత్తం చదివాను. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అధ్యక్షులవారు ఒక్కరే కొట్టారు, ఆ చప్పుడుకు బావ ఉలిక్కిపడి లేచాడు.

దిగి దగ్గరికి పోయాను. "నిన్ను పిలిచిండ్రా?" అన్నాడు, ఎర్రటి కళ్ళతో.

ఆ ముఖం చూస్తూ అయిపోయిందని ఎలా చెప్పను? "లేదు. ఇయ్యాల యాళ్ల లేదన్నరు. పోదాం పా" అన్నాను.

"పొద్దటిసంది చాకిరి చేయించుకొని గిదేం పద్ధతి" అని కుర్రాళ్ళను తిడుతూ బూట్లు తొడుక్కున్నాడు. తిట్టనిచ్చాను. పొద్దుటి నుంచి వాళ్ళు నన్ను తిప్పిన తిప్పలకు ఆ మాత్రం పడాల్సిందే.

బడికీ మా ఇళ్ళకీ మధ్య బొగ్గు లారీలు పోయే దారి ఉంది. అటూ ఇటూ ఇళ్ళు లేవు. ఇద్దరం కాళ్ళీడ్చుకుంటూ పోతున్నాం. సగం దారిలో ఆయన ఆగాడు.

"గిక్కడ సదువు. నేనన్నా ఇంట నీ కవిత."

"గిప్పుడా?"

"ఈడ ఎవ్వలు పండలేదు కదా."

కాగితం తీశాను. మొదటి మాట గుసగుసగానే వచ్చింది. అంతలో లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. దాని మోత మీద వినబడాలని గొంతు పెంచాను. లారీ పోయాక కూడా తగ్గించలేదు. చివరిదాకా అరిచినట్టే చదివాను.

ఆయన నన్నే చూస్తూ నిలబడ్డాడు. కవిత బాగుందనలేదు, బాగా లేదనలేదు.

"గింత గొంతున్నదా నీకు?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పిల్లలు బడికి పోయే వయసుకొచ్చారు, కట్టుకున్నవాడు నా గొంతు వినడం అదే మొదలు. అలసట వల్లో దేనివల్లో, ఆ దారిలోనే కూర్చుండిపోదామనిపించింది.

మళ్ళీ నడవడం మొదలుపెట్టాం. కొంత దూరం పోయాక, "మల్లొక్కసారి సదువు" అన్నాడు.

అప్పటికే మా ఇళ్ళ వరుస వచ్చేసింది. మొదటి ఇంటి గడప ముందు బూట్లు ఉన్నాయి, మొనలు లోపలికి. కాగితం మడిచి కొంగున ముడేసుకున్నాను. ఇద్దరం చప్పుడు కాకుండా ఇంటికి నడిచాం.