నీలి పొగ పంచాయితి

ఇప్పుడంటే బండికి ఏ రోగమొచ్చినా ఏదో మిషిను తగిలించి చెప్తున్నరు గానీ, ఆ రోజుల్ల మా ఇంట్ల ట్రాక్టర్‌కు పొగే నాడి. నేను కొత్త కోడలుగ బాన్సువాడ పక్కన అత్తగారింట్ల కాలు పెట్టిన నాటికే అది ముసలిది. (వయసుల నాకంటే పెద్దదని అత్తమ్మ చెప్పింది. అందుకే మొదట్ల దాని ముంగటికెళ్లి నడిస్తే కొంగు సవరిచ్చుకుంటుంటి.) మా మామకు ఒక శాస్త్రం ఉండె. నల్ల పొగ వస్తె బండికి బరువెక్కువైనట్టు, తెల్ల పొగ వస్తె చలి పెట్టినట్టు, నీలి పొగ వస్తె నోరెండి దూపైనట్టు. దూపైతే ఇంజన్ల ఆయిల్ పొయ్యాలె, అంతే. ఆయిల్ ఎంతున్నదో చూసే కడ్డి ఎప్పుడో ఇరిగిపోతే, ఆ తొర్రల గుడ్డపేలిక చుట్టిన పుల్లొకటి కుక్కిండ్రు. "పొగ నోరిప్పి చెప్తుండంగ కడ్డితోని ఏం పని?" అంటుండె మామ. మూడో తరగతిల బడి బంద్ చేసినదాన్ని, నాకీ చదువు మస్తు నచ్చింది.

మా మామ, ఆయన తమ్ముడు చిన్నమామ, ఒక్క ఇంట్లనే, ఒక్క పొయ్యి మీదనే. కానీ ఆ యేడు బోనాల పండుగకు కోసిన యాట తలకాయ కూర అన్నకు పెట్టకుండ చిన్నమామ తినేసిండు. తెల్వక తిన్ననని ఆయన అంటడు. (తలకాయ తెల్వకుండ ఎట్ల తింటరో నాకు ఇప్పటికీ సమజ్ గాలే.) పెద్దోనికి దక్కాల్సింది దక్కలేదని మామ మూతి ముడిచిండు, అప్పటిసంది ఇద్దరికి మాటల్లేవు. మాటల్లేకుంటే ఎవుసం ఎట్ల నడుస్తది? నడుమ నేనున్న గద! ఇద్దరు ఒక్క అరుగు మీదనే కూసుంటరు. మామ నా దిక్కు చూసి, "కోడలా, రేపు పొద్దుగాల నేను దున్నుత, పగటాల్ల నుంచి ఆయనను దున్నుమను" అంటడు. నేను మెడ ఇటు తిప్పి అదే మాట చిన్నమామకు చెప్త. ఆయన, "ఇనపడ్డది. ఇన్నా అని చెప్పు మీ మామకు" అంటడు. మళ్ల మెడ అటు తిప్పుడు. రాత్రి పండుకుంటే మెడ గుంజేది.

అట్ల ట్రాక్టర్‌కు ఇద్దరు వైద్యులైండ్రు. పొద్దుగాల మామ వడ్ల గుమ్మి ఎనక దాచిన డబ్బ తీసి ఇంజన్ల ఇంత ఆయిల్ పోసి బండి తీస్తడు. మాపటికి చిన్నమామ ఇంటికొచ్చి, బండి సల్లవడ్డంక, గడ్డివాము సందుల దాచిన డబ్బ తీసి ఆయన ఇంత పోస్తడు. పోస్తున్న కొద్దీ నీలి పొగ తగ్గాలె గద? ఇంకింత ఎక్కువైంది. బండిని చూసుకుంటలేడని మామకు తమ్ముని మీద కోపం, అన్న చేతుల పడి బండి ఆగమైతున్నదని చిన్నమామకు కోపం. ఆ కోపం ముదిరి ముదిరి, ఆఖరికి వేరు పడుదామనే దాక వచ్చింది. నాకు పాణం ఉసూరుమన్నది. మా చిన్నత్త, అంటే చిన్నమామ భార్య, ఆ ఇంట్ల నాకున్న ఒక్క దోస్తు. ఇద్దరం చాటల ఆకు ఏసుకోని బీడీలు చుట్టుకుంట నవ్వుకుంటుంటిమి. వేరు పడితే వాళ్లు రుద్రూర్ల ఉన్న జాగల ఇల్లేసుకోని పోతమన్నరు. ఆమె పోతే నేను ఎవరితోని నవ్వాలె?

పంచాయితికి పెద్దమనుషులొచ్చిండ్రు. వాళ్ల కోసం యాటను కోసిండ్రు. పొలం పంచుడు నిమ్మలంగనే అయ్యింది, ట్రాక్టర్ కాడ ఆగింది. "పాడుపడ్డ బండి నాకొద్దు, దాన్ని ఆగం చేసినోన్నే తీసుకొమ్మని చెప్పు కోడలా" అన్నడు మామ. "ఆగం చేసిందెవరో పొగనే చెప్తది, చూడుమను!" అని చిన్నమామ ఉరికి బండెక్కి స్టార్ట్ చేసిండు.

నీలి పొగ గుప్పున లేసింది. ముందుగాల పెద్దమనుషుల రుమాళ్లు మాయమైనయి, ఆ ఎనక పెద్దమనుషులే మాయమైండ్రు. అప్పుడు ఇంజన్ దానంతల అదే గొంతు పెంచుడు మొదలుపెట్టింది. చిన్నమామ రెండు చేతులు పైకి లేపిండు, నేను గాదన్నట్టు. బంద్ చేసే తీగ గుంజిండు, ఆగలే. ఇంకింత గుంజితే తీగే ఊడి చేతికొచ్చింది. ఇంజన్ ఇంకా లేస్తనే ఉన్నది. రేకులు అదురుతున్నయి, కోళ్లు కొట్టం మీదికెక్కినయి, ఒక పెద్దమనిషి చెప్పులు ఇడిసిపెట్టి పొలం గెట్టెంబడి ఉరికిండు. ఆపినా ఆగని ఇంజన్ను నేను పుట్టి బుద్ధెరిగిన కాన్నుంచి చూడలే. అంత ఆగంల గూడ మామ అలవాటు తప్పలే, నా దిక్కు తిరిగి, "కోడలా, మీ చిన్నమామను దుంకుమని చెప్పు!" అన్నడు. నేను నోరు తెరిచిన గానీ గొంతుల మాట రాలే. మామ నన్ను చూసిండు, బండిని చూసిండు, ఇగ పాణం ఆగలే.

"తమ్మీ! దుంకురా!"

"అన్నా, ఆగుతలేదే!"

"ఆగకుంటె దుంకుమంటున్న గదరా, మొద్దు!"

మామ నీళ్ల గోలెం కాడ తడి గోనెసంచి అందుకోని, ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం మూతి మీద అదిమిండు. సంచిని అది లోపటికి గుంజుకుంటున్నది, మామ ఒక్కనితోని అయితలేదు. దుంకిన చిన్నమామ దూరం ఉరకకుండ ఎనకకొచ్చి, అన్న చేతుల మీద చేతులేసి బలంగ ఒత్తిండు. ఊపిరాడక ఇంజన్ దగ్గింది, వణికింది, ఆగింది. మొఖాలు నల్లగ, కండ్లు మాత్రం తెల్లగ, ఇద్దరు ఒకలినొకలు చూసుకుంట నిలవడ్డరు.

నస్రుల్లాబాద్ నుంచి మేస్త్రి వచ్చి ఇంజన్ కింద బోల్టు ఇప్పిండు. ఆయిల్ కారుతనే ఉన్నది. బేసిని నిండింది, బకీటు నిండింది, చిన్నత్త బట్టలు నానవెట్టే టబ్బు తెచ్చింది. "ఇది ఇంజనా, ఆయిల్ బాయా?" అని మేస్త్రి నెత్తి పట్టుకున్నడు. "దూప గాదు, కడుపుబ్బరం! ఎక్కువైన ఆయిల్ మీదికెక్కి మండుతున్నది. మీరు డీజిల్ బంద్ చేస్తె దానికేం ఫికర్? గింత పోసిందెవరు?"

"నేనే" అన్నరు ఇద్దరు ఒక్కసారే. మళ్ల ఇద్దరు గతుక్కుమన్నరు.

అప్పుడు నాకు గొంతొచ్చింది. "పొద్దుగాల మామ పోస్తడు, మాపటికి చిన్నమామ పోస్తడు. మనుషుల లెక్క బండికి గూడ రెండు పూటలు పెడతరనుకున్న."

"మరి నాకెందుకు చెప్పలేదు బిడ్డా?" అన్నడు మామ.

"చెప్పుమని ఎవ్వరు చెప్పలేదు గద మామా!"

ముందుగాల చిన్నత్త నవ్వింది. ఆ ఎనక మేస్త్రి, ఆ ఎనక అత్తమ్మ. చెప్పులకోసం ఎనకకొచ్చిన పెద్దమనిషి గూడ సంగతేందో తెల్వకనే నవ్విండు. ఆ మాపటికి అన్నాల బంతిల అత్తమ్మ తలకాయ కూర మామ ఇస్తారిల ఏసింది. మామ సగం తీసి తమ్ముని ఇస్తారిల పెట్టిండు. "తెలిసే తిను ఈసారి" అన్నడు.

ఇల్లు పంచలే. చిన్నత్త రుద్రూర్ పోలే. కొత్త కడ్డి తెచ్చిండ్రు, దాన్ని ఇద్దరు కలిసే చూస్తుండ్రి. నాకే నౌకరి పోయింది. అలవాటు ఎక్కడ పోతది? మామ, "తమ్మీ, రేపు బీర్కూర్ పోదామా?" అంటే, నేను చాట పక్కకు పెట్టి మెడ తిప్పి, "చిన్నమామా, రేపు బీర్కూర్ పోదామా అంటుండు మామ" అని చెప్తుంటి. ఆయన నవ్వాపుకోని, "ఇనపడ్డది బిడ్డా, నువ్వు బీడీలు చుట్టుకో" అంటుండె.