నా ముద్ర పడిన బోల్టు

మొన్న ఉక్కునగరంలో మా ఆడపడుచు మనవరాలి ఓణీల వేడుకలో ఫొటోలు తీసే డ్రోను నెత్తిమీదకి రాగానే అందరూ చేతులూపుతుంటే, నేను మాత్రం గబుక్కున పందిరి కిందికి జరిగిపోయాను. తిరిగే రెక్క ఏది కనబడినా, దాన్ని పట్టి ఉంచిన బోల్టును ఎవరు పరీక్షించారో అన్న బెంగ నన్ను ఇన్నేళ్ళయినా వదల్లేదు.

మన ఈడువాళ్ళకి చెబితే నమ్ముతారేమో గానీ, గాజువాకలో ఒక రేకుల షెడ్డులో మా చిన్నాన్న ఆటోగైరోలు తయారుచేసేవాడు. చూడ్డానికి హెలికాప్టర్‌కి చెల్లెల్లా ఉండే, ఒక్క మనిషి కూర్చుని ఎగిరే యంత్రమది. మేము దాన్ని బిగించి అమ్మేవాళ్ళం కాదు. గొట్టాలు, రెక్కలు, బోల్టులు చెక్కపెట్టెలో సర్ది పంపితే, కొనుక్కున్నవాళ్ళు ఇంటి దగ్గర తీరిగ్గా బిగించుకునేవారు. ఐటీఐ చదివిన నా పని, ప్రతి భాగాన్నీ పరీక్షించి ముద్ర కొట్టడం.

అలా ఒక పెట్టె ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల ఇంజన్లు బాగుచేసే మనిషికి వెళ్ళింది. బంధువు కాకపోయినా నన్ను సెల్లెమ్మా అని నోరారా పిలిచేవాడు. బోట్లు వేటకి పోయిన రోజుల్లో కొంచెం కొంచెంగా బిగించుకుని, చివరికి ఒక సాయంత్రం ఫోన్ చేసి, మర్నాడు తొమ్మిదిన్నరకి ముహూర్తమని, భీమిలి వైపు వాళ్ళ ఊరి మైదానంలో ఎగురుతున్నానని చెప్పాడు.

మర్నాడు ఎనిమిదింటికి చిన్నాన్న ఇంకొకరికి పంపాల్సిన రెక్కలకి నడిమి బోల్టు సరిపోతుందో లేదో బిగించి చూస్తుంటే దాని తల పుటుక్కున ఊడిపడింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే.

"ఈ కట్టలోయి ఇంకెవులికి ఎల్లాయమ్మా?" అన్నాడు.

ఒకటి హార్బర్ అన్న పెట్టెలోకి వెళ్ళిందని చెప్పి గడియారం వైపు చూశాను. ఆ కట్ట వచ్చిన రోజు సింహాచలం బస్సు తప్పిపోతుందని, ఒక్కటైనా పరీక్షించకుండా అన్నిటికీ ముద్ర కొట్టేశాను. రెండు రెక్కల్నీ నడినెత్తిన పట్టి ఉంచేది ఆ ఒక్క బోల్టే.

వాళ్ళ ఊరి టెలిఫోన్ బూత్‌కి చేస్తే, ఊరంతా మైదానానికి పోయిందన్నారు. స్కూటర్ మీద బయలుదేరాం. హనుమంతవాక దగ్గర లారీలు అడ్డంపడితే చిన్నాన్న బండిని రోడ్డు దింపి మట్టిలోంచి తోలాడు.

మైదానం కనబడకముందే ఇంజన్ మోత వినబడింది. స్కూటర్ ఆగకుండానే దూకి, పైట ఊపుకుంటూ అడ్డంగా పరిగెత్తాను. దీవించడానికి వచ్చాననుకున్నాడో ఏమో, నవ్వి, చెయ్యెత్తి, వేగం పెంచాడు. ముందు చక్రం నేల విడవబోతోంది. ఇక చేసేదిలేక దారి మధ్యన నిలబడి కళ్ళు మూసుకున్నాను. మోత పక్కకి మళ్ళి, దుమ్ము ముఖాన కొట్టి, ఆగిపోయింది.

"సచ్చిపోదామనొచ్చేవేటి సెల్లెమ్మా!" అని అరిచాడు.

"పైనున్న బోల్టు ఇప్పన్నా. దానిమీద ముద్ర నాదే. పరీక్ష సెయ్యకుండా కొట్టీసినాను."

రెక్కలు ఆగాక పైకెక్కి స్పానర్ వేశాడు. బోల్టు తల ఊడి అతని అరచేతిలోకి వచ్చేసింది. దానివంక చూసి, కిందికి దిగి, ఊరందరి ముందూ ఊపిరి అందనంతగా తిట్టాడు. చిన్నాన్న అడ్డురాలేదు. నేను తలదించుకుని నిలబడ్డాను. అప్పుడతని భార్య, యంత్రం క్షేమంగా దిగాక కొట్టాలని తెచ్చిన కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు నా దోసిట్లో పోసింది.

"తాగమ్మా, నోట్లోకంతా దుమ్మెల్లిపోనాది," అంది.

నెల తిరక్కుండా కొత్త బోల్టుని నాచేతనే బిగించమని పట్టుబట్టి, ఆ మైదానం మీద రెండు చుట్లు తిరిగాడు. అతను కాలు నేలమీద పెట్టేదాకా నేను స్పానర్‌ని చేతిలోంచి దించలేదు.

తర్వాత కొన్నేళ్ళకి షెడ్డు మూతపడింది; అంత ఓపికగా బిగించుకునేవాళ్ళు కరువయ్యారు. ఇప్పుడు ఎక్కడ పొరపాటు జరిగినా, అసౌకర్యానికి చింతిస్తున్నామని ఫోన్‌కి ఒక ముక్క వచ్చిపడుతుంది. తప్పు చేసిన మనిషి ముఖం మనకి కనబడదు, మన కోపం ఆ మనిషికి వినబడదు. ఆ రోజు అతను నన్ను అంత తిట్టకపోయి ఉంటే, ఆ కొత్త బోల్టు బిగించడానికి స్పానర్ చేతపట్టే ధైర్యం నాకు వచ్చేది కాదేమో.